వీల్‌చైర్‌లో ఉన్న నాన్నగారితో హైదరాబాద్‌లో ఒక పూట: ముందు బాత్రూమ్, తర్వాతే ఊరు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: నాన్నగారికి 61 ఏళ్లు. రెండేళ్ల కింద మేడ మీంచి పడి వెన్నెముక డి12 (ఛాతీ భాగపు వెన్నుపూసల్లో చివరిది) దగ్గర దెబ్బతింది. నడుము కింద కదలిక లేదు, స్పర్శ లేదు. చేతుల్లో బలం ఉంది. బరువు 78 కిలోలు, మూత్రానికి గొట్టం (క్యాథెటర్) ఉంది. ఆస్పత్రికి తప్ప గడప దాటలేదు. కారు లేదు, తోడు మీరూ అమ్మగారూ ఇద్దరే. హైదరాబాద్‌లో ఎక్కడికి తీసుకెళ్లొచ్చు, ఎలా తీసుకెళ్లాలి, ముందు ముందు రైల్లో విజయవాడ వెళ్లగలమా అని.

వెళ్లొచ్చు. మొదటి విడత మూడు గంటల్లో ఇంటికి తిరిగొచ్చేలా పెట్టుకోండి. పగలు 11కీ 4కీ మధ్య మెట్రో ఎక్కి, స్టేషన్‌ను ఆనుకునే మాల్ ఉన్న చోట దిగి, భోజనం చేసి వచ్చేయండి. పంజాగుట్ట, ఎర్రమంజిల్, హైటెక్ సిటీ స్టేషన్ల దగ్గర అలాంటి మాల్స్ ఉన్నాయి. అది సాఫీగా జరిగాక రెండో విడత సాలార్‌జంగ్ మ్యూజియం, మూడో విడత జూపార్క్. గోల్కొండ, చార్మినార్, హుస్సేన్‌సాగర్ బోటు ఆ తర్వాత మాట. విజయవాడ కూడా వెళ్లగలరు, చివర్లో రాశాను.

మాల్‌కి వెళ్లడం ఏం సరదా అనిపించొచ్చు. కానీ వీల్‌చైర్‌లో బయల్దేరినవాళ్ల రోజు పాడయ్యే చోట్లు మూడే: కుర్చీలోంచి కారు సీటులోకి మారేటప్పుడు, బండి దిగాక గేటు దాకా ఉండే చివరి వంద గజాల్లో, బాత్రూమ్ తలుపు దగ్గర. నున్నటి నేల, లిఫ్టు, వెడల్పాటి టాయిలెట్ ఉన్న చోట ఈ మూడూ ఒకసారి చేసి చూస్తే, తర్వాత మ్యూజియంలో మీ ధ్యాస బొమ్మల మీద ఉంటుంది. రెండేళ్ల తర్వాత మొదటిసారి బయటికొచ్చిన మనిషి నడిరోడ్డు మీద ఇబ్బంది పడితే మళ్లీ రానంటారు. అందుకే మొదటి విడత గురించి ఇంత పట్టుబడుతున్నాను.

ముందు టేపు తీసుకుని కుర్చీని కొలవండి. సీటు వెడల్పు కాదు, చేత్తో తిప్పే రింగుల బయటి అంచు నుంచి అంచు దాకా. 18 అంగుళాల సీటున్న మామూలు మడత కుర్చీ బయటికి 25, 26 అంగుళాలు వస్తుంది. మన ఇళ్లలో, హోటళ్లలో బాత్రూమ్ తలుపు రెండున్నర అడుగులే. చట్రం పోతే 27 అంగుళాలు మిగులుతుంది. తలుపు పూర్తిగా గోడకు ఆనకపోతే దాని మందం ఇంకో అంగుళం, అంగుళంన్నర తినేస్తుంది. అప్పుడు కుర్చీ పడుతుంది కానీ రింగు పట్టుకున్న చేతి కణుపులు చట్రానికి గీసుకుపోతాయి. రెండడుగుల తలుపైతే అసలు పట్టదు. భవనాలు వికలాంగులకు అందుబాటులో ఉండేందుకు 2021లో కేంద్రం ఇచ్చిన సుగమ్యత ప్రమాణాల ప్రకారం తలుపు దగ్గర కనీసం 900 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి, అంటే దాదాపు 35 అంగుళాలు. మీ కుర్చీ కొలతను ఫోన్‌లో రాసిపెట్టుకోండి, ఎక్కడికి ఫోన్ చేసినా అదే అవసరపడుతుంది.

తర్వాత టైర్లలో గాలి. చాలామంది పట్టించుకోనిది ఇదే. మామూలు కుర్చీకి ఉండే బ్రేకు టైరును బయటి నుంచి నొక్కి పట్టే ఇనుప కడ్డీ మాత్రమే. గాలి తగ్గితే టైరు లోపలికి నొక్కుకుపోయి బ్రేకు పట్టదు. వేసినట్టే కనిపిస్తుంది, కారులోకి మారే సమయానికి కుర్చీ వెనక్కి జారుతుంది. టైరు పక్కన ముద్రించిన అంకె దాకా సైకిల్ షాపులో గాలి కొట్టించండి. ముందున్న చిన్న చక్రాల ఇరుసుల్లో వెంట్రుకలు, దారాలు చుట్టుకుని ఉంటాయి, బ్లేడుతో కోసి తీసేయండి. తోసేటప్పుడు కుర్చీ ఒక పక్కకి లాగుతుంటే సగం సార్లు కారణం అదే.

మూత్రం సంగతి. బయటికి వెళ్తున్నామని నీళ్లు తాగడం తగ్గించొద్దు. ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి క్యాథెటర్ మూసుకుపోతుంది, ఇన్ఫెక్షన్ వస్తుంది. ఇంట్లో మంచానికి తగిలించే రెండు లీటర్ల సంచి బదులు, తొడకో పిక్కకో పట్టీతో కట్టే 500 నుంచి 750 మిల్లీలీటర్ల కాలి సంచి మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. ప్యాంటు కింద కనపడదు. సంచి ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందే ఉండాలి. గొట్టం తొడ కింద నలగకూడదు, చక్రం వైపు వేలాడకూడదు. మూడొంతుల్లో రెండొంతులు నిండగానే ఖాళీ చేయండి.

ఖాళీ చేయడానికి నాన్నగారు టాయిలెట్‌లోకి వెళ్లక్కర్లేదు. వెడల్పు మూతి ఉన్న లీటరు సీసా ఒకటి మీ చేతి సంచిలో పెట్టుకోండి. ఒక మూలకు తిప్పి, ఒళ్లో తువ్వాలు కప్పి, కాలి సంచి అడుగున ఉండే కొళాయి విప్పి సీసాలోకి వదలండి. కొళాయి కొసను స్పిరిట్ దూదితో తుడిచి మూసేయండి. సీసా తీసుకెళ్లి మీరు మామూలు టాయిలెట్‌లో పారబోసి రావచ్చు. ముందూ వెనకా చేతులు కడుక్కోవడం మర్చిపోవద్దు. ఈ ఒక్కటి వస్తే హైదరాబాద్‌లో సగం చోట్ల తలుపు కొలత గురించి బెంగ ఉండదు.

మలవిసర్జనకు మందు వేసే రోజులు మీకు తెలుసు కదా, ఆ రోజున, ఆ మర్నాడు పొద్దున ప్రయాణం పెట్టుకోవద్దు. విసర్జన పూర్తయిన రోజు సాయంత్రం, లేదా ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం మేలు. కొత్త చోట కొత్త తిండి కూడా మొదటిసారి వద్దు.

కూర్చోగల సమయమే మీ ప్రయాణం నిడివి. ఇంట్లో ఏకబిగిన రెండు గంటలు కూర్చోవడం అలవాటున్న మనిషిని ఆరు గంటలు బయట తిప్పితే పిరుదుల మీద పుండు పడుతుంది. స్పర్శ లేదు కాబట్టి ఆయనకు తెలియదు. ఒకసారి పడిన పుండు నెలల తరబడి మంచాన పడేస్తుంది. వెళ్లాలనుకున్న తేదీకి మూడు వారాల ముందు నుంచి ఇంట్లో కూర్చునే సమయాన్ని అరగంట చొప్పున పెంచుతూ రండి. బయట ప్రతి 20, 30 నిమిషాలకూ ఒకసారి ముందుకు వంగి ఛాతీని తొడల మీదకు తెచ్చి, రెండు నిమిషాలు అలా ఉంచాలి. లేదా ఒక పక్కకి ఒరిగి రెండో పక్క గాలి ఆడనివ్వాలి. చేతుల మీద లేవడం కన్నా ఇదే మేలు, ఎందుకంటే చేతుల మీద ఎవరూ రెండు నిమిషాలు నిలవలేరు. ఫోన్‌లో అలారం పెట్టుకోండి, మాటల్లో పడితే గుర్తుండదు.

కారులో కూర్చున్నప్పుడు కూడా కుర్చీలోని కుషన్ ఆయన కిందే ఉండాలి, డిక్కీలో కాదు. వెనక జేబులో పర్సు వద్దు, జీన్స్ అసలు వద్దు, వాటి కుట్లూ బొత్తాలూ చాలు పుండుకి. బూట్లు ఒక సైజు పెద్దవి వేయండి, సాయంత్రానికి పాదాలు వాస్తాయి. వేడి టీ గ్లాసు ఒళ్లో పెట్టనివ్వొద్దు. ఎండలో నిలిపిన కారు సీటును, సీటు బెల్టు బకిల్‌ను మీరు చేత్తో ముట్టుకుని చూశాకే ఆయనను కూర్చోబెట్టండి.

ఏ కారు? పెద్ద కారైతే సులువని ఎస్‌యూవీ బుక్ చేస్తారు. తప్పు. కుర్చీ సీటు నేల నుంచి 19, 20 అంగుళాల ఎత్తులో ఉంటుంది. కుషన్‌తో ఇంకొంచెం పెరుగుతుంది. ఎస్‌యూవీ సీటు దానికన్నా చాలా ఎత్తు, 78 కిలోలను పైకెత్తాల్సి వస్తుంది. మామూలు హ్యాచ్‌బ్యాక్, సెడాన్ సీట్లు దాదాపు సమానంగానో కాస్త కిందగానో ఉంటాయి, జరిగితే చాలు. అయితే సెడాన్‌కు ఇంకో చిక్కుంది. హైదరాబాద్ క్యాబుల్లో చాలావాటికి డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉంటుంది, మడిచిన కుర్చీ పట్టదు. బుక్ అవగానే డ్రైవర్‌కు ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగండి: "అన్నా, డిక్కీలో సిలిండర్ ఉందా? మడత వీల్‌చైర్ ఉంది, నాన్నకి ఎక్కడానికి పది నిమిషాలు పడుతుంది, ఆగుతావా?" కాదంటే అక్కడికక్కడే ఇంకోటి చూసుకోవచ్చు, గేటు దగ్గర ఎండలో వాదులాట ఉండదు. సిలిండర్ ఉన్నా వేరే దారి లేకపోతే ఫుట్‌రెస్టులు ఊడదీసి, కుర్చీ మడిచి, వెనక సీటులో నిలబెట్టొచ్చు. అప్పుడు వెనక ఒక్కరే కూర్చోగలరు. మీరు ముగ్గురు కాబట్టి రెండోవాళ్లకు ఆటో కావాలి.

ఆటోలో నాన్నగారిని ఎక్కించడం మొదటి ఆరు నెలలు వద్దు. అరుగులాంటి ఎత్తు, పక్కకి పట్టు లేదు, గుంతలో పడితే స్పర్శ లేని నడుము మీద ఆ దెబ్బంతా పడుతుంది.

కుర్చీలోంచి కారులోకి. ఆయన చేతుల్లో బలం ఉంది, డి12 కాబట్టి నడుం పైభాగం నిలకడగా ఉంటుంది. 70, 75 సెంటీమీటర్ల నున్నటి జారుడు చెక్క ఒకటి కొనండి, ట్రాన్స్‌ఫర్ బోర్డు అంటే ఇస్తారు. కనీసం 120 కిలోలు మోసేది తీసుకోండి. ముందు సీటును పూర్తిగా వెనక్కి జరిపి, వీపు భాగాన్ని కాస్త వాల్చండి. కారు ఫుట్‌పాత్ అంచుకు అంటుకుని ఉండకూడదు, మీటరు దూరంలో ఆపమనండి, కారూ కుర్చీ రెండూ రోడ్డు మీదే ఉండాలి. కుర్చీని సీటు పక్కన కాస్త ఏటవాలుగా పెట్టి, బ్రేకులు వేసి, కారు వైపున్న చేతి పట్టీ, ఫుట్‌రెస్టు తీసేయండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముందు మూత్రం సంచి. మనిషి కదలకముందే అది కారు వైపుకి చేరాలి. లేకపోతే మనిషి అటు, సంచి ఇటు ఉండి క్యాథెటర్ లాక్కుపోతుంది, రక్తం వస్తుంది. తర్వాత ఆయన అటు పక్కకి ఒరిగితే చెక్క కొసను పిరుదు కింద జొనపండి, రెండో కొస కారు సీటు మీద బాగా లోపలికి ఆనాలి. చెక్క పెద్ద చక్రానికి ముందు నుంచి వెళ్లాలి. ఆయన తల కారుకు వ్యతిరేక దిక్కుకు, ముందుకు వంచితే నడుము కారు వైపు తేలుతుంది. ఈడ్చకూడదు, ఈడిస్తే చర్మం లోపల చీలుతుంది. చిన్న చిన్నగా లేపుతూ, నాలుగైదు జరుపుల్లో వెళ్లాలి. మీరు ఎదురుగా కూర్చుని మీ మోకాళ్లతో ఆయన మోకాళ్లను ఆపండి, అమ్మగారు వెనక నుంచి ప్యాంటు నడుము పట్టీ దగ్గర చేయి వేసి ఉంచితే చాలు. కాళ్లు చివర్లో ఒక్కొక్కటిగా లోపల పెట్టండి. ఇంట్లో మంచానికీ కుర్చీకీ మధ్య పదిసార్లు చేశాకే రోడ్డు మీద చేయండి. మీ ఫిజియోథెరపిస్ట్ ముందు ఒకసారి చేస్తే ఇంకా మంచిది.

మెట్లు, ర్యాంపుల లెక్క. నాన్నగారు 78, కుర్చీ 18 అనుకుంటే 96 కిలోలు. ఒక అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవున్న ర్యాంపు మీద తోయడానికి దాదాపు 8 కిలోల బరువెత్తినంత బలం చాలు. అదే ఎత్తుకి ఆరడుగుల ర్యాంపు కడితే 16 కిలోలు, నాలుగడుగులైతే 24. దుకాణాల ముందు బైకులు ఎక్కించడానికి పోసే సిమెంటు వాలు సరిగ్గా ఈ చివరి రకం. ర్యాంపు ఉందన్న మాట విని మోసపోవద్దు, పొడవు అడగండి. దిగేటప్పుడు వాలు ఎక్కువైతే కుర్చీని వెనక్కి తిప్పి, మీరు ముందు దిగుతూ కుర్చీని మీ వైపు రానివ్వాలి. ముఖం కిందికి పెట్టి దింపితే మనిషి ముందుకు జారిపోతాడు.

ఫుట్‌పాత్ ఎక్కడానికి: కుర్చీ వెనక కింద పొడుచుకొచ్చిన గొట్టాన్ని కాలితో తొక్కి, హ్యాండిళ్లు మీ వైపు లాగితే ముందు చక్రాలు లేస్తాయి. వాటిని గట్టు మీద దింపి, పెద్ద చక్రాలు గట్టుకు తాకేదాకా తోసి, అప్పుడు ఎత్తి తోయండి. దిగేటప్పుడు వెనక చక్రాలు ముందు.

ఒకటి రెండు మెట్లకు మించి మీరిద్దరూ మోయొద్దు. మెట్ల వరస ఎక్కించాలంటే కనీసం ముగ్గురు, నలుగురు కావాలి. మన ఊళ్లో అడగకుండానే జనం పరుగెత్తుకొస్తారు, అది నిజంగా మన అదృష్టం. కాకపోతే వచ్చిన ప్రతివాడూ చేతి పట్టీనో, ఫుట్‌రెస్టునో పట్టుకుంటాడు. రెండూ ఊడొచ్చే భాగాలే. ఎత్తిన క్షణంలో పట్టీ చేతిలోకి వచ్చేస్తుంది, కుర్చీ ఒరుగుతుంది. వాళ్లు చేయి వేయకముందే గట్టిగా చెప్పండి: "అన్నా, ఆగు. ఈ ఇనుప గొట్టం పట్టుకో. నేను మూడు అన్నాక ఎత్తాలి."

మెట్రో. 2017 నవంబరులో మొదలైనప్పటి నుంచి ఈ ఊళ్లో వీల్‌చైర్‌కు ఇంతకన్నా నమ్మకమైన బండి రాలేదు. రోడ్డు నుంచి టికెట్ అంతస్తుకు ఒక లిఫ్టు, అక్కడి నుంచి ప్లాట్‌ఫారానికి ఇంకోటి. గేట్లలో ఒకటి వెడల్పుగా ఉంటుంది, దాని దగ్గర ఉన్న సిబ్బందిని పిలవండి, దిగే స్టేషన్ పేరు చెప్పండి, అక్కడివాళ్లకు కబురు పెట్టమనండి. రైలెక్కేటప్పుడు ప్లాట్‌ఫారానికీ బోగీకీ మధ్య సందు చిన్నదే. కానీ ముందు చక్రాలు ఏటవాలుగా వెళ్తే అందులో ఇరుక్కుంటాయి. కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలు ముందుగా, సందుకు సూటిగా లాగండి. దిగేటప్పుడూ అంతే. లోపల బ్రేకులు వేసి, మీరు హ్యాండిల్ పట్టుకునే ఉండండి.

ఇంకో ఉపయోగం చాలామందికి తోచదు. ట్రాఫిక్ ఆగని రోడ్డు దాటాలంటే స్టేషన్ లిఫ్టులో టికెట్ అంతస్తుకు ఎక్కి, అవతలి పక్క లిఫ్టులో దిగండి. టికెట్ కొనక్కర్లేదు. మొదటి విడతలో లైను మారే ప్రయాణం వద్దు. అమీర్‌పేటలో మారడం ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే తొక్కిసలాట. మీకు దగ్గరి స్టేషన్‌కు ముందు రోజు మీరొక్కరే వెళ్లి, మీ వైపు లిఫ్టు ఎక్కడుందో, దాని ముందు బైకులు ఆపి ఉన్నాయో, రోడ్డు నుంచి లిఫ్టు దాకా గట్టు ఎంత ఎత్తో చూసి రండి. ఆ పదిహేను నిమిషాలు మర్నాడు గంట మిగులుస్తాయి.

ఫోన్ చేసి ఏం అడగాలి. "వీల్‌చైర్‌కు సౌకర్యం ఉందా" అంటే అందరూ ఉందనే అంటారు. "మెట్లు ఉన్నాయా" అంటే "లేవండీ, రెండే" అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, నడిచేవాళ్లకు రెండు మెట్లు కంటికి ఆనవు. అందుకని ఇలా అడగండి: బండి గేటు లోపలికి వస్తుందా? గేటు నుంచి కౌంటర్ దాకా ఒక్క మెట్టు అయినా ఉందా? లిఫ్టు ఈ రోజు పనిచేస్తోందా? టాయిలెట్ తలుపు ఎన్ని అంగుళాలు, ఫొటో వాట్సాప్‌లో పంపగలరా? వికలాంగుల టాయిలెట్‌కు తాళం వేసి ఉంటుందా, తాళంచెవి ఎవరి దగ్గర? చివరి ప్రశ్న ముఖ్యం. చీపుర్లూ బకెట్లూ పెట్టి తాళం వేసే అలవాటు చాలాచోట్ల ఉంది.

అడగడానికి మొహమాటపడొద్దు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రజలు వచ్చే భవనాలు అందరికీ అందుబాటులో ఉండాలి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఈ సుగమ్యత ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదు, తప్పనిసరి నిబంధనలు కావాలని తీర్పిచ్చింది. ఆ కేసులో కోర్టుకు నివేదిక తయారుచేసి ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రమే. మీరు అడిగే ప్రతి ఫోనూ మీ తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తుంది.

ఇక చోట్లు. సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం మూత. మిగతా రోజుల్లో పొద్దున 10కి తెరుస్తారు. మెట్రోలో వెళ్తే ఎంజీబీఎస్ దగ్గర దిగాలి, కానీ అక్కడి నుంచి దారుల్‌షిఫా దాకా రోడ్డు కుర్చీ తోసేది కాదు, నేరుగా క్యాబులో గేటు దాకా వెళ్లండి. నేల నున్నగా ఉంటుంది, లోపల నీడ, ఎండాకాలంలో కూడా వెళ్లొచ్చు. గ్యాలరీలన్నీ చూడాలనుకోవద్దు, ఐదారు ఎంచుకోండి. ముసుగు రెబెక్కా విగ్రహం కూర్చున్న ఎత్తు నుంచి చూస్తే మరీ బాగుంటుంది, ఆ పాలరాతి ముసుగు మడతలు కింది నుంచి వెలుతురు పట్టి కనిపిస్తాయి. గడియారం దగ్గర మాత్రం గంటకు పావుగంట ముందే చేరి, ముందు వరసలో ఉండాలి. గంట కొట్టే చిన్న బొమ్మ బయటికొచ్చే సమయానికి జనం లేచి నిలబడతారు, వెనకున్న కుర్చీలోంచి కనపడేది వీపులే. పన్నెండు గంటలకు గుంపు మరీ ఎక్కువ, పదకొండుకు చూసేయండి.

జూపార్క్ సోమవారం మూత. 380 ఎకరాలు, తారు రోడ్లు వెడల్పుగా ఉంటాయి, కానీ చుట్టూ తోయాలంటే మీ భుజాలు పోతాయి. బ్యాటరీ బండి ఎక్కాలంటే మళ్లీ కుర్చీలోంచి మారాలి. నా సలహా, గేటుకు దగ్గరున్న భాగం ఒక్కటే ఎంచుకుని కుర్చీలోనే తిరగండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దున పూట. వెన్నెముక గాయం ఉన్నవాళ్లకు గాయానికి కింది భాగంలో చెమట సరిగా పట్టదు, ఒంట్లో వేడి బయటికి పోదు. ఏప్రిల్, మే నెలల్లో జూ ఊసే వద్దు. తడి తువ్వాలు మెడకు చుట్టడం, నీళ్లు చిమ్మే సీసా వెంట ఉంచుకోవడం ఫిబ్రవరిలో కూడా మేలే.

చార్మినార్ పైకి 149 మెట్లు, కుదరదు. చుట్టూ పరిచిన రాళ్ల మధ్య సందుల్లో ముందు చక్రాలు పడి, కుర్చీ ఆగి, మనిషి ముందుకు తూలతాడు. అక్కడ ముందు చక్రాలు గాల్లో ఉండేలా కుర్చీని వెనక్కి వంచి, పెద్ద చక్రాల మీదే నడపాలి. అది ఇంట్లో అలవాటు చేసుకున్నాకే వెళ్లండి, దుకాణాలు తెరవకముందు. చౌమహల్లా శుక్రవారం మూత. తోటలూ ముంగిలీ హాయిగా తిరగొచ్చు, దర్బారు హాలు మాత్రం ఎత్తైన అరుగు మీద ఉంది. గోల్కొండలో దాదాపు 360 మెట్లు ఎక్కితే గానీ బాలాహిస్సార్ రాదు. కింద చప్పట్లు కొట్టే ద్వారం దాకా, పక్కన పచ్చిక దాకా వెళ్లొచ్చు, రాళ్లబాట కాబట్టి ఇంకో మనిషి తోడు కావాలి. నుమాయిష్ ఎగ్జిబిషన్ మామూలుగా జనవరి 1న మొదలవుతుంది, నాంపల్లి, గాంధీభవన్ స్టేషన్లు దగ్గర. ఇష్టమైతే పనిదినం, తెరవగానే వెళ్లి చీకటి పడకముందే వచ్చేయండి, ఆదివారం సాయంత్రం మాత్రం వద్దు. సినిమాకైతే టికెట్ తీసేముందు కుర్చీ ఏ వరసలో పెడతారో అడగండి. తెర ముందే అంటే రెండున్నర గంటలు మెడ ఎత్తి కూర్చోవాలి, అది శిక్ష.

ఇది చదివే మిగతావాళ్లకు ఒక హెచ్చరిక. గాయం డి6 దగ్గర గానీ దానికి పైన గానీ ఉంటే, ఉన్నట్టుండి తల పగిలే నొప్పి, ముఖం ఎర్రబడటం, చెమటలు వస్తే బీపీ ప్రమాదకరంగా పెరుగుతోందని అర్థం. పడుకోబెట్టొద్దు. నిటారుగా కూర్చోబెట్టి, కాళ్లు కిందికి వేలాడదీసి, బెల్టూ బట్టలూ వదులు చేసి, క్యాథెటర్ గొట్టం ఎక్కడ నలిగిందో చూడండి. ఎక్కువసార్లు కారణం అదే. తగ్గకపోతే వెంటనే ఆస్పత్రికి.

విజయవాడ. ముందు యూడీఐడీ కార్డు (కేంద్రం ఇచ్చే వికలాంగుల గుర్తింపు కార్డు) చేయించండి, సదరం సర్టిఫికెట్ ఉంటే అది దగ్గర పెట్టుకోండి. రైల్వే రాయితీకి వాళ్ల నమూనాలోనే డాక్టరు ధ్రువపత్రం కావాలి, దాని మీద రైల్వే ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డు వస్తే ఆన్‌లైన్‌లో కూడా రాయితీ టికెట్ తీసుకోవచ్చు. తోడు లేకుండా ప్రయాణించలేనివాళ్లకు స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో, ఏసీ చైర్‌కార్‌లో 75 శాతం, సెకండ్ ఏసీలో 50 శాతం రాయితీ. తోడు వచ్చే ఒకరికీ అంతే. రాజధాని, శతాబ్ది లాంటి బండ్లకు లెక్క వేరు.

మామూలు బోగీ తలుపులోంచి, నడవలోంచి 25, 26 అంగుళాల కుర్చీ పోదు. చాలా ఎక్స్‌ప్రెస్‌లలో గార్డు పెట్టె ఉన్న బోగీలోనే దివ్యాంగుల అర ఒకటి ఉంటుంది, తలుపు వెడల్పు, టాయిలెట్ పెద్దది, బెర్తుల మధ్య కుర్చీ తిరిగేంత చోటు. ఆ బోగీ రైలుకు కొసన ఉంటుంది కాబట్టి ప్లాట్‌ఫారం కొస దాకా తోయాలి, బండికి ముప్పావుగంట ముందే చేరండి. ఐదారు గంటలు కూర్చుని వెళ్లొద్దు. బెర్తు మీద పక్కకి పడుకోబెట్టి, రెండు గంటలకోసారి పక్క మార్చండి.

బయటికెళ్లి ఇంటికి వచ్చిన ప్రతిసారీ మంచం మీద బోర్లా పడుకోబెట్టి పిరుదులు, తోక ఎముక, మడమలు చూడండి. ఎర్రటి మచ్చ ఉంటే టైము రాసుకోండి. అరగంటలో చర్మం రంగు మామూలైతే సరే. కాకపోతే ఆ మచ్చ పోయేదాకా దాని మీద కూర్చోనివ్వొద్దు, తర్వాతి విడత గంట తగ్గించండి.

మీకు దగ్గరి మెట్రో స్టేషన్ పేరు, కుర్చీ బయటి వెడల్పు, మీ ఇంటి గుమ్మం దగ్గర ఎన్ని మెట్లున్నాయో ఇక్కడ రాయండి. ఆ మెట్లకు ఎంత పొడవు ర్యాంపు కావాలో, మొదటి విడతకు ఏ స్టేషన్‌లో దిగితే మేలో లెక్క వేసి చెప్తాను.